మానని కాలి పుండుకు పీఆర్‌పీ, కృత్రిమ చర్మం లాంటివి చేయించుకునే ముందు

కాలి మీద పుండు నెలల తరబడి మానకపోతే ఇంట్లో అందరికీ ఒకటే ఆలోచన, ఇంకేదైనా కొత్త చికిత్స ఉందా అని. సరిగ్గా అప్పుడే ఒకరు పీఆర్‌పీ (సొంత రక్తంలోంచి తీసే ప్లేట్‌లెట్ల జెల్) అంటారు, ఇంకొకరు స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల మూల కణాలు) అంటారు, మరొకరు ల్యాబులో పెంచిన చర్మం అంటారు. వీటన్నిటినీ కలిపి రీజెనరేటివ్ చికిత్సలు అంటున్నారు, అంటే పోయిన కణజాలాన్ని శరీరం మళ్లీ కట్టుకునేలా తోడ్పడేవి. వీటిలో కొన్ని నిజంగానే పనిచేస్తాయి. కానీ పుండు ఎందుకు మానడం లేదో తేల్చకుండా, ఆ కారణాన్ని సరిచేయకుండా పైన ఎంత ఖరీదైనది పెట్టినా చెమ్మ ఊరే గోడకు సున్నం వేసినట్టే, కొన్నాళ్లు బాగున్నట్టు కనిపించి మళ్లీ పెచ్చులూడుతుంది. కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత, డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం అడగాలి అన్నది వరుసగా చెబుతాను. డాక్టరు చూడకుండా ఇందులో ఏ ఒక్కటీ సొంతంగా మొదలుపెట్టకండి.

ముందు అది ఏ రకం పుండో తేలాలి

కాలి పుండ్లన్నీ ఒకటి కావు. ఎక్కువమందిలో కనిపించేది సిరల పుండు. పిక్క కింద నుంచి చీలమండ దాకా, ముఖ్యంగా చీలమండ లోపలి వైపు వస్తుంది, అంచులు వంకరటింకరగా ఉంటాయి, రసి బాగా కారుతుంది, చుట్టూ చర్మం గోధుమ రంగుకో నలుపుకో తిరిగి గట్టిపడి దురద పెడుతుంది. సాయంత్రానికి కాలు వాస్తుంది, ఎత్తి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. సిరల్లోని కవాటాలు పాడై రక్తం పైకి వెళ్లకుండా కిందే నిలిచిపోవడం దీనికి కారణం.

ధమనుల పుండు దీనికి పూర్తిగా వేరు. వేళ్ల చివర, మడమ మీద, చీలమండ బయటి వైపు వస్తుంది. చిల్లు పొడిచినట్టు గుండ్రంగా, లోతుగా, పొడిగా ఉంటుంది. కాలు చల్లగా ఉంటుంది, వెంట్రుకలు రాలిపోతాయి, రాత్రి పడుకుంటే నొప్పి పెరిగి, కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేస్తే తగ్గుతుంది. ఇక షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి వచ్చే పుండు అరికాలి మీద, బరువు పడే చోట, చుట్టూ ఆనెకాయలా గట్టిపడిన చర్మంతో వస్తుంది, పైగా నొప్పి ఉండదు, అందుకే చాలా ఆలస్యంగా కంటబడుతుంది. రెండు మూడు కారణాలు కలిసి వచ్చినవాళ్లు కూడా ఉంటారు, సిరలు పాడై, ధమనులు సన్నబడి, దానికి షుగర్ తోడై. వీళ్ల విషయంలోనే తొందరపాటు ఎక్కువ ప్రమాదం.

ఏబీఐ పరీక్ష చేయించకుండా ఏదీ ఒప్పుకోవద్దు

ఏబీఐ అంటే చీలమండ దగ్గర కొలిచిన బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె. చేతి బీపీ పట్టీ, రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ యంత్రం ఉంటే చాలు, సూది గుచ్చే పని కూడా లేదు. ఈ అంకె 0.9 నుంచి 1.3 మధ్య ఉంటే కాలికి రక్తం బాగానే వెళ్తున్నట్టు. 0.8 కంటే తక్కువైతే గట్టి కట్టు కట్టే ముందు ఆలోచించాలి, 0.5 కంటే తక్కువైతే బిగుతు కట్టు అసలు కట్టకూడదు, నేరుగా వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) దగ్గరికి వెళ్లాలి. ఒక మెలిక ఉంది: షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లలోనూ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలోనూ ధమనుల గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడి, అంకె 1.3 దాటి లేదా అబద్ధంగా మామూలుగా కనిపిస్తుంది. అలాంటివాళ్లకు కాలి బొటనవేలి దగ్గర బీపీ కొలవాలి, అది 30 కంటే తక్కువ ఉంటే రక్తప్రసరణ సరిచేయకుండా పుండు మానే అవకాశం చాలా తక్కువ.

రక్తం అందని కాలి మీద పీఆర్‌పీ పెట్టినా, ల్యాబులో పెంచిన చర్మం అతికించినా ఆ కణాలకు కావాల్సిన ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తుంది? పరీక్షలేవీ చేయకుండా మొదటి రోజే ప్యాకేజీ మాట్లాడే చోటు నుంచి లేచి వచ్చేయండి.

సిరల పుండు అనిపిస్తే డాప్లర్ స్కాన్ కూడా కావాలి, ఏ సిర లీకవుతోందో అందులోనే తెలుస్తుంది. రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) చూస్తారు. పాదం మీద ఎముక తగిలేంత లోతు పుండు ఉంటే ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ, ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందేమో చూడటానికి.

కారణానికి చికిత్స

చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోతారు, కానీ పుండును మాన్పించేది ఎక్కువగా ఈ భాగమే. సిరల పుండుకు ప్రధానమైన మందు కంప్రెషన్, అంటే పొరలు పొరలుగా కట్టే బిగుతు కట్టు. చీలమండ దగ్గర బీపీ లెక్కలో సుమారు 40 ఒత్తిడి ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి. మామూలు క్రేప్ బ్యాండేజీని ఎవరికి తోచినట్టు వాళ్లు చుడితే ఇది రాదు, నేర్చుకున్న చేతులే కట్టాలి. కట్టాక వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి ఉన్నట్టుండి పెరిగినా వెంటనే విప్పేయండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. గుండె బలహీనంగా ఉండి ఆయాసం వచ్చేవాళ్లు కట్టు కట్టించుకునే ముందే ఆ సంగతి చెప్పాలి, కాళ్లలో నీరు ఒక్కసారిగా పైకి మళ్లితే గుండె మీద భారం పడుతుంది.

లీకయ్యే సిరను లోపలి నుంచే లేజర్‌తోనో, రేడియో తరంగాల వేడితోనో, ఫోమ్ ఇంజెక్షన్‌తోనో మూసేయవచ్చు. ఇది పుండు మానాక చేద్దాంలే అని వాయిదా వేయడం పాత అలవాటు. 2018లో వచ్చిన ఈవీఆర్ఏ అధ్యయనం ఆ అలవాటును మార్చింది: కట్టుతో పాటు సిరను ముందుగానే మూసినవాళ్లలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పడితే, ఆలస్యంగా మూసినవాళ్లలో 82 రోజులు పట్టింది. కాబట్టి సిరల పుండు ఉన్నవాళ్లు రీజెనరేటివ్ చికిత్స గురించి అడిగే ముందు 'నా సిరను ఎప్పుడు మూస్తారు?' అని అడగండి.

ధమని మూసుకుపోతే యాంజియోప్లాస్టీ లేదా బైపాస్. అరికాలి పుండుకైతే బరువు తీసేయడం, అంటే ఆ చోట నేల తగలకుండా మోకాలి దాకా వేసే ప్రత్యేకమైన కట్టు లేదా బూటు. తీసి పెట్టుకునే బూటు ఇస్తే ఇంట్లో నాలుగడుగులే కదా అని తీసేసి నడుస్తారు, ఆ నాలుగడుగులే పుండును మళ్లీ తెరుస్తాయి. వీలైతే తీయడానికి రాని రకమే వేయించుకోండి, చిరాగ్గా ఉంటుంది నిజమే, కానీ త్వరగా మానుతుంది.

పొగ తాగేవాళ్లు మానేయాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, దానిమీద ఏ గ్రాఫ్టూ (అతికించే చర్మం) సరిగా అతుక్కోదు. ప్రొటీన్ కూడా పట్టించుకోవాల్సిందే, పుండు ఉన్నవాళ్లకు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు, కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

పుండును సిద్ధం చేయడం

నెలల తరబడి మానని పుండులో వాపు ఆగిపోకుండా సాగుతూనే ఉంటుంది. అక్కడ ప్రొటీన్లను కొరికే ఎంజైములు మామూలు గాయంలో కంటే చాలా ఎక్కువగా పోగవుతాయి. కణాలను పెరగమని శరీరం పంపే సంకేతాలైన గ్రోత్ ఫ్యాక్టర్లను, కొత్తగా అల్లుకునే చర్మపు ప్రొటీన్ కొల్లాజెన్‌ను ఆ ఎంజైములే నమిలేస్తాయి. అంచుల్లోని కణాలు ముసలివై విభజన ఆపేస్తాయి. దానికి తోడు బ్యాక్టీరియా జిగురులాంటి పొర కట్టుకుని, మందు లోపలికి చేరకుండా కూర్చుంటుంది, దాన్నే బయోఫిల్మ్ అంటారు. ఇలాంటి పుండు మీద పీఆర్‌పీ పోస్తే, మీ రక్తంలోంచి తీసిన ఆ గ్రోత్ ఫ్యాక్టర్లు కూడా అదే ఎంజైములకు ఆహారమైపోతాయి.

అందుకే డీబ్రైడ్‌మెంట్, అంటే చచ్చిన చర్మాన్ని, పసుపుపచ్చని పొరను, గట్టిపడిన అంచును బ్లేడుతోనో క్యూరెట్ అనే చిన్న చెంచాలాంటి పరికరంతోనో తీసేసి ఎర్రటి, రక్తం చెమర్చే అడుగు కనిపించేలా చేయడం. బయోఫిల్మ్ మళ్లీ కొద్ది రోజుల్లోనే కట్టుకుంటుంది కాబట్టి ఒక్కసారితో అయిపోదు. రక్తం సరిగా అందని, పొడిగా ఎండిన నల్లటి మడమ పెచ్చును మాత్రం రక్తప్రసరణ చూడకుండా ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు.

ఇంట్లో కడిగేటప్పుడు సెలైన్ లేదా కాచి చల్లార్చిన శుభ్రమైన నీళ్లు చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. యాంటీబయాటిక్ పొడులు చల్లడం, తోచిన ఆకులూ పొడులూ అద్దడం ఆపేయండి. ఇన్ఫెక్షన్ లక్షణాలు లేని పుండుకు యాంటీబయాటిక్ మాత్రలు మింగినంత మాత్రాన మానదు, పుండును దూదితో తుడిచి చేసే స్వాబ్ పరీక్షలో ఏదో ఒక బ్యాక్టీరియా ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది.

నాలుగు వారాల లెక్క

ఇది మీరు ఇంట్లోనే చేయగలిగే పని, చాలా విలువైనది కూడా. వారానికి ఒకసారి, ఒకే వెలుతురులో, పుండు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఎక్కువ పొడవున్న చోట పొడవు, దానికి అడ్డంగా వెడల్పు కొలిచి గుణించి రాసుకోండి. మొదటి రోజు 5 సెంటీమీటర్ల పొడవు, 4 వెడల్పు ఉంటే 20. షుగర్ పాదపు పుండుకు సరైన చికిత్స జరుగుతుంటే నాలుగు వారాల్లో అది 10కో అంతకంటే తక్కువకో రావాలి. సిరల పుండు కాస్త నెమ్మది, అయినా నాలుగు వారాల్లో మూడో వంతు అయినా తగ్గకపోతే ఏదో పట్టు తప్పుతోందని అర్థం. తగ్గుతూ ఉంటే అదే చికిత్స కొనసాగించండి, దానిమీద కొత్తవి పెట్టి డబ్బు పోసుకోనక్కర్లేదు.

తగ్గకపోతే రెండు పనులు. మొదటిది, రోగనిర్ధారణ మళ్లీ చూడమనాలి, అవసరమైతే అంచు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి. ఏళ్ల తరబడి ఉన్న పుండులో చర్మ క్యాన్సర్ పుట్టవచ్చు, దాన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. అంచు ఉబ్బి పైకి లేచినా, ముట్టుకుంటే రక్తం కారినా, కాలీఫ్లవర్‌లా కండ పెరిగినా బయాప్సీ లేకుండా గ్రోత్ ఫ్యాక్టర్లు పెట్టించుకోవడం చాలా ప్రమాదం, కణాలను పెంచే మందును క్యాన్సర్ కణాలకు పెట్టినట్టవుతుంది. రెండోది, బయాప్సీ బాగుండి, రక్తప్రసరణ సరిపోయి, కారణానికి చికిత్స సవ్యంగా సాగుతున్నా పుండు మొండికేస్తే, అప్పుడు రీజెనరేటివ్ చికిత్సల వంతు.

ఇప్పుడు ఎంపిక

పీఆర్‌పీ అంటే మీ చేతి నుంచే రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరుచేసి, జెల్‌లా గడ్డకట్టించి పుండు మీద పెట్టడం లేదా అంచుల్లో ఇంజెక్ట్ చేయడం. ప్లేట్‌లెట్ల లోపలి రేణువుల్లో పీడీజీఎఫ్, వీఈజీఎఫ్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు ఉంటాయి, అవే కొత్త రక్తనాళాలను, కొత్త కండను పిలుస్తాయి. షుగర్ పాదపు పుండ్లలో ఉపయోగపడవచ్చని ఆధారాలు ఉన్నాయి, అవీ అంత బలమైనవి కావు. సిరల పుండ్లలో ఇంకా తేలలేదు. తయారుచేసే పద్ధతి చోటుకో తీరుగా ఉండటం పెద్ద చిక్కు, ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట రాకపోవచ్చు. ఇదే కుటుంబంలో లూకోప్యాచ్ అనే దానికి ఆధారం కాస్త గట్టిది. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్) కలిసిన చిన్న బిళ్లను వారానికోసారి పెడతారు. 2018లో వచ్చిన అధ్యయనంలో మొండి పాదపు పుండ్లు 20 వారాల్లో ఈ బిళ్ల పెట్టినవాళ్లలో 34 శాతం, పెట్టనివాళ్లలో 22 శాతం మానాయి. ఆ అంకెలను నిదానంగా చూడండి. మంచి చికిత్స కూడా వందలో పన్నెండు మందికి మాత్రమే అదనంగా మేలు చేసింది. ఎవరైనా వందకు వంద అంటే నమ్మకండి.

బెకాప్లెర్మిన్ జెల్ అనేది ల్యాబులో తయారుచేసిన పీడీజీఎఫ్. అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది, అదీ రక్తప్రసరణ బాగున్న షుగర్ పాదపు పుండ్లకే. రోజుకోసారి పలుచగా రాసి, తడి గాజ్ గుడ్డతో కప్పి, సుమారు 12 గంటల తర్వాత కడిగేయాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎక్కువ ట్యూబులు వాడినవాళ్లలో క్యాన్సర్ మరణాల గురించి 2008లో గట్టి హెచ్చరిక పెట్టారు, 2018లో దాన్ని తీసేశారు. అయినా పుండు చోట క్యాన్సర్ ఉంటే వాడకూడదు.

ల్యాబులో పెంచిన చర్మంలో బాగా తెలిసినది ఆప్లిగ్రాఫ్. అప్పుడే పుట్టిన పిల్లల చర్మ కణాలను ఆవు కొల్లాజెన్ మీద రెండు పొరలుగా పెంచుతారు. సిరల పుండ్లకు 1998లో అనుమతి వచ్చింది. దాని ప్రధాన అధ్యయనంలో ఆరు నెలలకు 63 శాతం మంది మానితే, కంప్రెషన్ మాత్రమే కట్టినవాళ్లలో 49 శాతం మానారు. చర్మం పెట్టినవాళ్లకు కూడా కంప్రెషన్ కట్టారు, అది మరిచిపోవద్దు. ఆ కణాలు మీ కాలిలో శాశ్వతంగా ఉండిపోవు, కొన్ని వారాలు సంకేతాలు పంపి పోతాయి, మూసుకునేది మీ చర్మమే.

కణాలు లేని ఆధార పొరలు ఇంకో రకం: కొల్లాజెన్ షీట్లు, చేప చర్మం, పంది పేగు పొర, దానం చేసిన ఉమ్మనీటి సంచి పొర. ఎముక, స్నాయువు (టెండన్) బయటపడిన లోతు పుండులో వీటి విలువ ఎక్కువ, దీని మీద కండ పట్టాక పైన పలుచని గ్రాఫ్ట్ వేయవచ్చు. అలర్జీ వల్లనో, విశ్వాసం వల్లనో కొన్ని జంతువుల పదార్థం వద్దనుకునేవాళ్లు అది దేని నుంచి తయారైందో ముందే అడగాలి.

ఇక చాలామంది పాతదని పక్కన పెట్టే మాట: మీ సొంత చర్మపు గ్రాఫ్ట్. తొడ నుంచి పలుచగా తీసి అతికించేది. ఎర్రటి శుభ్రమైన అడుగు, రక్తప్రసరణ ఉన్న పెద్ద పుండుకు నా దృష్టిలో ముందు అడగాల్సింది ఇదే. గ్రాము కణజాలంలో లక్ష కంటే ఎక్కువ బ్యాక్టీరియా ఉంటే గ్రాఫ్ట్ సరిగా పట్టదు, అందుకే ముందు శుభ్రత.

స్టెమ్ సెల్స్ సంగతి సూటిగా చెప్తాను. ఎముక మజ్జ నుంచి, కొవ్వు నుంచి తీసిన కణాలతో పరిశోధనలు ఆశ కలిగిస్తున్నాయి, కానీ కాలి పుండుకు మామూలుగా చేసే చికిత్స స్థాయికి ఇంకా రాలేదు. ఎవరైనా చేస్తామంటే అది నమోదైన క్లినికల్ ట్రయలా, నంబరు ఎంత, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఏది అని అడగండి. సరైన ట్రయల్‌లో సాధారణంగా ఆ చికిత్సకు మీ దగ్గర డబ్బు తీసుకోరు.

డాక్టరును అడగాల్సినవి

నా పుండుకు కారణం ఏమిటి, దాన్ని సరిచేశారా? నా ఏబీఐ ఎంత? ఈ చికిత్స నా రకం పుండు మీద పరీక్షించిందేనా, లేక వేరే రకం పుండు ఫలితాలు చూపిస్తున్నారా? ఎన్నిసార్లు పెడతారు, ఎన్ని వారాలకు పనిచేయలేదని ఒప్పుకుని ఆపేస్తారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు ముందే రాయించుకోండి, లేకపోతే ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ సాగుతుంది.

రక్తం పలుచబడే మందులు వాడుతుంటే, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే, గతంలో క్యాన్సర్ వచ్చి ఉంటే మీరే ముందు చెప్పాలి. మందులు మీకు మీరుగా ఆపొద్దు.

పెట్టించుకున్నాక

పెట్టిన పొర మీద అంటుకోని జాలీ పొర, దానిపై రసి పీల్చే కట్టు వేస్తారు. పైకట్టు తడిస్తే పైది మాత్రమే మార్చాలి, లోపలిది చెప్పిన రోజు దాకా కదిలించొద్దు. చూద్దామని విప్పడం వల్ల ఎన్నో గ్రాఫ్ట్‌లు ఊడిపోతాయి. మొదటి విప్పుడులో పసుపుపచ్చని జిగురు, కాస్త వాసన ఉండవచ్చు, కరుగుతున్న పొర అలాగే ఉంటుంది, చీము అనుకుని గీకేయకండి, కట్టు కట్టేవాళ్లకు చూపించండి. కంప్రెషన్, బరువు తీసే బూటు ఒక్కరోజు కూడా ఆపకూడదు.

జ్వరం, చలి, పుండు చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకడం, చర్మం కింద గాలి ఉన్నట్టు చిటపటలాడటం, కుళ్లు వాసన, వేలు నల్లబడటం, కాలు ఉన్నట్టుండి చల్లబడి తెల్లబడటం, వీటిలో ఏది కనిపించినా రాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్లండి.

పుండు మూసుకున్నాక కూడా ఆ చర్మం పాత చర్మమంత గట్టిగా ఎప్పటికీ ఉండదు, ఎంత బాగా మానినా సుమారు 80 శాతం బలమే వస్తుంది, అదీ నెలలు గడిచాక. సిరల పుండు వచ్చినవాళ్లు కంప్రెషన్ సాక్స్ పొద్దున్న కాలు వాయకముందే, మంచం దిగే ముందు వేసుకోవాలి, ఆరు నెలలకోసారి మార్చాలి, సాగిపోయిన సాక్స్ వల్ల ఉపయోగం లేదు. అరికాలి పుండు మానినవాళ్లు రోజూ అద్దం పెట్టి పాదం కింద చూసుకోవాలి, చెప్పుల్లోపల చెయ్యి పెట్టి రాయో మేకో ఉందేమో తడిమి చూసి వేసుకోవాలి. పాత చోట చిన్న పొక్కు లేచినా అదే వారంలో చూపించండి.